కుక్క ఒంటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: పుట్టిన రోజు నుంచి ముసలితనం దాకా

కుక్కపిల్లను కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు, వీధిలో పిల్లలు పెట్టిన తల్లికి అన్నం పెట్టేవాళ్లు అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ అవే. చాలావాటికి మూలం ఒకటే: కుక్క ఒళ్లు మన ఒంటిలాగే పనిచేస్తుందని అనుకోవడం. చెమట, పళ్లు, అరుగుదల, చూపు, ఎద, అన్నీ దానికి వేరే. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను. మీ కుక్క వయసును బట్టి నేరుగా ఆ భాగానికి వెళ్లండి.

## పుట్టిన తొలి వారాలు

పిల్లలు పుట్టి వారమైంది, ఒక్కటీ కళ్లు తెరవలేదు. గుడ్డివా?

కాదు. కుక్కపిల్లలు కళ్లూ చెవులూ మూసుకునే పుడతాయి. 10 నుంచి 14 రోజుల మధ్య రెప్పలు విడతాయి. ముందు ఒక మూల సన్నటి చీలిక కనిపిస్తుంది, ఒకట్రెండు రోజుల్లో మిగతాది విచ్చుకుంటుంది. కొత్తగా తెరిచిన కళ్లు నీలంగా, మసకగా ఉంటాయి. అదీ మామూలే. చెవులు రెండు వారాలు దాటాక తెరుచుకుంటాయి. అప్పటిదాకా పిల్ల తల్లిని వెతుక్కునేది వాసనతో, వెచ్చదనంతోనే. వేలితో రెప్పలు విడదీయకండి. మూసిన రెప్ప ఉబ్బి చీము కారుతుంటే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

తల్లి లేని పిల్ల దొరికింది. చల్లగా ఉంది. ముందు పాలు పట్టాలా?

ముందు వెచ్చబెట్టాలి. తొలి వారంలో కుక్కపిల్లకు ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకునే శక్తి ఉండదు, చలికి వణకడం కూడా రాదు. ఒళ్లు చల్లబడితే పేగులు కదలడం ఆగిపోతుంది. ఆ స్థితిలో పట్టిన పాలు అరగవు, పైగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, మెల్లగా వేడి ఎక్కనివ్వండి. పాలు పట్టేటప్పుడు బోర్లా ఉంచి పట్టాలి, పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలకన్నా సుమారు రెట్టింపు ఉంటాయి. అందుకే పెట్ షాపులో దొరికే కుక్కపిల్లల పాలపొడి మేలు.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి: మూడు వారాల దాకా పిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు, దొడ్డికి వెళ్లలేదు. తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేకపోతే పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవాలి.

ఒకే కాన్పులో ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగు. ఎలా?

రెండు దారులున్నాయి. కుక్క బొచ్చులో ఉండేవి రెండే మూలరంగులు: నలుపు జాతిది ఒకటి, ఎరుపు-పసుపు జాతిది ఒకటి. వాటిని పలచన చేసే, ఆపేసే, మచ్చలుగా విడగొట్టే జన్యువులు అనేకం. ఒకే తల్లిదండ్రులకు నాలుగు రంగుల పిల్లలు పుట్టడం మామూలు. రెండో దారి, ఒకే కాన్పులో వేర్వేరు తండ్రులు ఉండటం. ఆడకుక్క ఎదలో ఉన్న రోజుల్లో ఒకటికి మించి మగకుక్కలతో కలిస్తే అలా జరుగుతుంది. వీధికుక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది.

పొట్ట ఉబ్బుగా, గుండ్రంగా ఉంది. బాగా తింటోందనేనా?

చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం బుర్రలా ఉంటే ఎక్కువసార్లు అది ఏలికపాముల పని. కడుపులో ఉండగానే తల్లి మావి ద్వారా ఆ పురుగు పిల్లకు చేరుతుంది. అందుకే బయట మట్టి తగలని పిల్లకు కూడా పురుగులుంటాయి. నులిపురుగుల మందు రెండు వారాల వయసులోనే మొదలుపెట్టి, రెండు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి వేస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూచి వేయాలి. ఈ పురుగు గుడ్లు మనుషుల కడుపులోకీ పోగలవు. కుక్కపిల్లతో ఆడిన చేతులను ఇంట్లోని చిన్నపిల్లలు కడుక్కోవాల్సిందే.

## ఎదిగే నెలలు

టీకా ఒకసారి వేయించాం కదా, మళ్లీ మళ్లీ ఎందుకు?

పుట్టిన మొదటి రోజు తాగిన జున్నుపాల నుంచి పిల్లకు తల్లి రక్షణ అందుతుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం టీకాను కూడా అదే అడ్డుకుంటుంది. అది ఒక పిల్లలో 6 వారాలకే కరిగిపోతుంది, ఇంకో పిల్లలో 16 వారాల దాకా ఉంటుంది. బయటి నుంచి చూసి చెప్పలేం. అందుకే 6–8 వారాలకు మొదలుపెట్టి, 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. చివరి డోసు ఎగ్గొట్టినవాళ్ల కుక్కపిల్లలే పార్వోకు (వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) ఎక్కువగా దొరుకుతాయి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆ తర్వాత ఏడాదికి మళ్లీ.

ఇల్లు ఊడుస్తుంటే పన్ను దొరికింది. దెబ్బ తగిలిందా?

పాలపన్ను ఊడింది, అంతే. బియ్యపు గింజంత ఉండి, వేరు దాదాపు కరిగిపోయి ఉంటుంది. కుక్కకు పాలపళ్లు 28, శాశ్వత పళ్లు 42. నాలుగో నెలలో ముందుపళ్లతో మొదలై ఏడో నెలకల్లా అన్నీ మారిపోతాయి. చాలా పళ్లను మింగేస్తుంది కాబట్టి మనకు దొరికేవి ఒకటో రెండో. ఈ నెలల్లో చెప్పులు, కుర్చీ కాళ్లు కొరకడం చిగుళ్ల దురద వల్ల. పొమరేనియన్‌లాంటి చిన్నజాతుల్లో పాలకోర ఊడకముందే పక్కనే కొత్త కోర వచ్చేస్తుంటుంది. రెండూ జంటగా కనిపిస్తే పాతదాన్ని తీయించాలి, లేదంటే మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది.

వీధిలోంచి తెచ్చిన పిల్ల వయసు తెలుసుకోవడానికీ ఈ పళ్లే ఆధారం. సూదుల్లా సన్నటి పళ్లన్నీ ఉంటే నాలుగు నెలల లోపు. 42 నిండితే ఏడు నెలలు దాటినట్టే. ఆ తర్వాత పళ్లు చూసి చెప్పేదంతా అంచనా మాత్రమే.

ల్యాబ్రడార్ పిల్లకు ఎముకలు గట్టిపడాలని కాల్షియం పొడి కలుపుతున్నాం. మంచిదేనా?

దయచేసి ఆపండి. ఇంత ప్రేమగా చేసే ఇంత హాని ఇంకొకటి లేదు. పెద్ద కుక్క తనకు కావాల్సినంత కాల్షియమే పేగుల్లోంచి తీసుకుని మిగతాది వదిలేయగలదు. ఆరు నెలల లోపు పిల్లకు ఆ అదుపు సరిగా ఉండదు. వేసినంతా ఎక్కువగా లోపలికి పోయి ఎముక ఎదుగుదలను చెడగొడుతుంది. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి పెద్దజాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వాటి పేరున అమ్మే పప్పీ ఫుడ్డులో కాల్షియం కొలతగానే ఉంటుంది. ఒట్టి అన్నం, మాంసం మీదే పెరుగుతున్న పిల్లకు మాత్రం లోటు రావచ్చు. అప్పుడు ఎంత కలపాలో డాక్టరు చెప్పాలి, మందుల షాపు కాదు.

పెద్దజాతుల్లో పొడవాటి ఎముకల చివర్లు పూర్తిగా కలిసిపోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా మేడమెట్ల మీద పరుగులు, బైక్ వెంట పరిగెత్తించడం వద్దు.

నాటు కుక్కకు, జాతి కుక్కకు ఒంట్లో తేడా ఏమిటి?

జీవి ఒకటే. చివావా నుంచి గ్రేట్ డేన్ దాకా, మన వీధికుక్కతో సహా అన్నిటికీ 78 క్రోమోజోములు. తోడేలుకూ అంతే. రెండు కిలోల కుక్కకూ అరవై కిలోల కుక్కకూ ఉన్న తేడాలో పెద్ద వాటా కొద్దిపాటి జన్యువులదే. వాటిలో ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల జన్యువును 2007లో గుర్తించారు.

ఒక రూపం కోసం దగ్గరి చుట్టాల మధ్యే పిల్లలు పుట్టిస్తూ పోతే ఆ రూపంతో పాటు లోపమూ స్థిరపడుతుంది. పగ్‌కు ఊపిరి ఆడకపోవడం, జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు వదులవడం అలా వచ్చినవే. తమిళనాడు రాజపాళయం కుక్క పాలలాంటి తెలుపు ఎంత అందమో, ఆ తెలుపుతో ముడిపడిన చెవుడు కొన్ని పిల్లల్లో అంత బాధ.

మన దగ్గరి సంగతి చెప్పాలంటే కొల్లేరు చుట్టుపక్కల జోనంగి ఉంది. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు. నేల తవ్వి గుంటలో పడుకునే అలవాటు. బాతుల మందలను కాసేది. మన ఎండకూ తేమకూ ఇంతకన్నా సరిపోయే ఒళ్లు ఏ జాతికి ఉంటుంది? ఆ పని తగ్గిపోయి అది అరుదైపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

## పెద్ద కుక్క ఒళ్లు

ముక్కు ఎండిపోయింది, ఒళ్లు వేడిగా ఉంది. జ్వరమా?

ముక్కు చూసి జ్వరం చెప్పలేం. నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. ఒళ్లు మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది, ఎందుకంటే దాని మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకది జ్వరం. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూస్తేనే లెక్క. 103 దాటితే డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో చేయదగ్గ మంచి పరీక్ష చిగుళ్లది. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు పాలిపోయినా, పసుపుపచ్చగా ఉన్నా, ఇటుక ఎరుపైనా ఆలస్యం చేయొద్దు. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసిపెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

కుక్కకు చెమట పట్టదంటారు. మరి ఎండను ఎలా తట్టుకుంటుంది?

పాదాల కింద మెత్తల్లో చెమట గ్రంథులు ఉన్నాయి. భయపడిన కుక్కను ఆసుపత్రిలో స్టీలు బల్ల మీద నిలబెడితే నాలుగు తడి అడుగులు పడతాయి, చూడండి. కానీ ఒళ్లు చల్లబడటానికి ఆ చెమట చాలదు. అసలు పని రొప్పడం చేస్తుంది. వేగంగా ఊపిరి ఆడిస్తూ నాలుక, నోరు, ముక్కులోపలి తడిని ఆవిరి చేసి వేడిని బయటికి పంపుతుంది.

ఈ ఏర్పాటుకు పెద్ద బలహీనత ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే తడి ఆవిరి కాదు. విజయవాడ, విశాఖల్లో మే నెల ఉక్కపోత రోజున నీడలో ఉన్న కుక్క కూడా వడదెబ్బ తినగలదు. పగ్, బుల్‌డాగ్, షిట్‌జూలకు మూతి పొట్టి కాబట్టి ఆవిరయ్యే చోటే తక్కువ, ఊపిరి దారి ఇరుకు. రొప్పే కొద్దీ ఆ శ్రమకే ఇంకా వేడెక్కుతాయి. వేసవిలో వాకింగ్ సూర్యుడు రాకముందే. రోడ్డు మీద మీ అరచేయి వెనకవైపు ఐదారు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలుతాయి. ఆపి ఉన్న కారులో కిటికీ కాస్త తెరిచి వదిలి వెళ్లడం కూడా ప్రాణాంతకమే.

నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ జిగురుగా కారుతూ, తూలుతుంటే వడదెబ్బే. వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోసి ఫ్యాన్ కింద ఉంచండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపలి అవయవాల దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది.

హస్కీకి వేసవిలో గుండు గీయించొచ్చా?

వద్దు. దానికి రెండు పొరల బొచ్చు. గీసేస్తే చర్మం ఎండకు కమిలిపోతుంది, బొచ్చు తిరిగి సరిగా రాకపోవచ్చు. దువ్వెనతో లోపలి మెత్తటి పొరను తీసేస్తే గాలి ఆడుతుంది. అసలు మన వేసవిలోకి హస్కీని తేకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఎర్ర బంతి గడ్డిలో వేస్తే ముక్కు కిందున్నా కనిపెట్టదు. చూపు తక్కువా?

దాని కంట్లో రంగును గుర్తించే కణాలు రెండు రకాలే, మనకు మూడు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేలాంటి మట్టిరంగుగా కలిసిపోతాయి. నీలం బంతి కొనండి. మసక వెలుతురులో, కదిలే వస్తువును పట్టడంలో మాత్రం దానిదే పైచేయి. కంటి వెనక అద్దంలాంటి పొర వెలుతురును మళ్లీ వెనక్కి కొడుతుంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది అందుకే.

వాకింగ్‌లో ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంది. లాక్కెళ్లొచ్చా?

ఆ ఆగడమే దానికి వాకింగ్. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50–60 లక్షలైతే, కుక్కకు జాతిని బట్టి 12 కోట్ల నుంచి 30 కోట్లు. ఊపిరి వదిలేటప్పుడు గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది, కాబట్టి ముందున్న వాసన చెదరదు. అంగిలి పైన ఇంకో చిన్న అవయవం ఇతర కుక్కల మూత్రంలోని సంకేతాలను చదువుతుంది. ఏ కుక్క వెళ్లింది, ఆడదా మగదా, ఎదలో ఉందా అన్నది దానికి అక్కడే తెలుస్తుంది. కాసేపు ఆగండి.

దీపావళికి మంచం కింద దూరి వణుకుతుంది. అంత భయం దేనికి?

మనం 20,000 హెర్ట్జ్ దాకా వింటాం, అది 45,000 దాకా వింటుంది. చిన్న శబ్దాలు కూడా మనకన్నా దూరం నుంచి అందుతాయి. టపాసు ఎప్పుడు పేలుతుందో ముందుగా తెలియకపోవడం ఇంకో హింస. కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో వేసి, అది ఎంచుకున్న మూలలోనే ఉండనివ్వండి. బయటికి లాగితే టెన్షన్ పెరుగుతుంది.

కుక్క నాకితే పుండు మానుతుందా? మన కుక్కే గీరితే కూడా ఇంజెక్షన్ కావాలా?

నాకనివ్వకండి. లాలాజలంలో సూక్ష్మజీవులు చాలా ఉంటాయి, రేబిస్ వైరస్ చేరే దారి కూడా అదే. కరిచినా, గీరి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కుక్కను 10 రోజులు గమనించమనడం నిజమే, కానీ ఆ 10 రోజులు గడిచాక టీకా మొదలుపెడదామని అర్థం కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేదు.

## తిండి, అరుగుదల

పెరుగన్నం మీదే పెంచొచ్చా?

అన్నం అరుగుతుంది. మనుషుల దగ్గర వేల ఏళ్లు బతకడంతో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలుకన్నా కుక్కలో బాగా పెరిగాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. కానీ ఒట్టి పెరుగన్నంలో మాంసకృత్తులు చాలవు. గుడ్డు, చికెన్, చేప ఏదో ఒకటి ఉండాలి. ఉడికించిన కోడి ఎముకలు పెట్టకండి. అవి నిలువునా చీలి పేగును గుచ్చుతాయి.

మనం తినేవాటిలో విషం ఏది?

ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, సాంబారులో ఉడికినవైనా, పొడి అయినా ఒకటే. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కాబట్టి పాయసం గిన్నె నాకించకండి. చాక్లెట్ గుండెను పరిగెత్తిస్తుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లోని జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. జ్వరమని ఇంట్లోని పారాసెటమాల్, నొప్పి అని ఐబుప్రొఫెన్ వేయడం వీటన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు.

## ఎద, కాన్పు

ఆడకుక్కకు రక్తం కనిపిస్తోంది. ఇది నెలసరేనా?

కాదు. మనుషుల్లో రక్తస్రావం అండం ఫలించకపోయాక వస్తుంది, కుక్కలో అండం రాబోయే ముందు వస్తుంది. మొదటి 9 రోజులు కాస్త అటూఇటూగా రక్తం పడుతుంది, అప్పుడు మగకుక్కను దగ్గరికి రానివ్వదు. రక్తం పలచబడి గడ్డినీళ్ల రంగుకు మారాక వచ్చే వారం పదిరోజులే గర్భం నిలిచే కాలం. "రక్తం తగ్గింది, ఇక భయం లేదు" అని గేటు తెరిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎద సుమారు ఆరేడు నెలలకోసారి వస్తుంది.

కలిసిన కుక్కలు విడిపోవడం లేదు. నీళ్లు పోసి విడదీయాలా?

వద్దు, రాళ్లూ వేయకండి. మగకుక్క అంగం మొదట్లో ఉన్న గడ్డలాంటి భాగం లోపల ఉబ్బుతుంది, ఆడకుక్క కండరాలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. వెనుదిరిగి నిలబడినా అది సహజమే. 5 నుంచి 30 నిమిషాల్లో వాపు తగ్గి వాటంతట అవే విడిపోతాయి. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల చీలుతుంది.

ఎన్ని రోజులకు పిల్లలు పెడుతుంది?

సుమారు 63 రోజులు. జతకట్టిన రోజు నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 మధ్య ఎప్పుడైనా కావచ్చు. చివరి వారం రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూడండి. 99 డిగ్రీల కిందికి పడితే సాధారణంగా 24 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే ఆసుపత్రికి బయలుదేరండి.

ఒక కాన్పు అయ్యాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలా?

ఆ అవసరం లేదు. కాన్పు వల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్ లేని ఆడకుక్కలో ఎద ముగిసిన నెల, రెండు నెలలకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంటుంది. ఎక్కువ నీళ్లు తాగడం, నీరసం, తోక కింద చీము దాని గుర్తులు. చీము బయటికి రాకుండా లోపలే నిండితే ఇంకా ప్రమాదం. పెద్దజాతులకు ఏ వయసులో చేయించాలన్నది మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

వీధికుక్క అంగం దగ్గర క్యాలీఫ్లవర్ గడ్డలాంటి పుండు, రక్తం కారుతోంది. ఏమిటది?

చాలావరకు అది టీవీటీ అనే అంటుకునే క్యాన్సర్. వైరస్ వల్ల వచ్చేది కాదు, క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు జతకట్టేటప్పుడు అంటుకుని పెరుగుతాయి. వేల ఏళ్ల కిందట బతికిన ఒకే ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన కణాలు ఇన్ని ఖండాల్లో ఇప్పటికీ బతుకుతున్నాయి. జీవశాస్త్రంలో ఇంత ఆశ్చర్యపరిచే విషయాలు కొన్నే. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఎక్కువ కుక్కలకు పూర్తిగా తగ్గిపోతుంది. చూసి అసహ్యించుకుని వదిలేయకండి.

## ముసలితనం

కుక్క ఏడాది మనకు ఏడేళ్లు. నిజమేనా?

కాదు. ఏడాది కుక్క పిల్లల్ని కనగలదు, ఏడేళ్ల పాప కనలేదు కదా. 2020లో అమెరికాలో ల్యాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసు వేసే గుర్తులను మనుషులతో పోల్చి చూస్తే, ఏడాది ల్యాబ్ సుమారు 30 ఏళ్ల మనిషితో, నాలుగేళ్లది 53తో సరిపోలాయి. మొదట్లో పరుగు, తర్వాత నెమ్మది. ఒళ్లు పెద్దదైన జాతులు త్వరగా ముసలివవుతాయి. గ్రేట్ డేన్‌కు ఎనిమిదేళ్లంటే వృద్ధాప్యం, పొమరేనియన్‌కు నడివయసు.

కళ్లు నీలంగా మసకబారాయి. పొర వచ్చిందా?

ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కలో కంటి కటకం గట్టిపడి నీలిబూడిద రంగు పొగలా కనిపిస్తుంది. దాంతో చూపు పెద్దగా తగ్గదు. శుక్లమైతే తెల్లగా, పాలచుక్కలా ఉండి చూపును అడ్డుకుంటుంది. మెట్ల దగ్గర తడబడుతోందా, జరిపిన కుర్చీకి గుద్దుకుంటోందా గమనించండి. ఉన్నట్టుండి శుక్లం వస్తే షుగర్ పరీక్ష తప్పనిసరి.

ఈ మధ్య గిన్నెలో నీళ్లు ఊరికే అయిపోతున్నాయి. ఎండలకేనా?

కొలవండి. పొద్దున కొలిచి పోసి, మరుసటి పొద్దున మిగిలింది తీసేస్తే రోజు లెక్క వస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే పది కిలోల కుక్క లీటరుకన్నా ఎక్కువ తాగితే, అది మామూలు దాహం కాదు. మూత్రపిండాలు, షుగర్, హార్మోన్ల జబ్బులు మొదట ఇలాగే బయటపడతాయి. ఆ రెండు మూడు రోజుల కొలతలు కాగితం మీద రాసుకుని, పొద్దున పోసిన మొదటి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అప్పటిదాకా నీళ్లు మాత్రం తగ్గించకండి.